రెబెక్కమ్మ సినిమా బొట్టు

రెబెక్కమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని నెల్లూరు జిల్లా కోట ఊళ్లో అందరూ అనేవాళ్లు. తప్పు. ముక్కు మీదే ఉంటే చీదినప్పుడైనా కాస్త పోయేది. ఆమెకు ఒళ్లంతా కోపమే. మిషను వాళ్ల ఆడపిల్లల బోర్డింగులో వంటమనిషి. పచ్చికట్టెలు మండకపోతే పొయ్యిని తిట్టేది, మండితే ఎండను తిట్టేది, సముద్రం గాలి వచ్చి పొగను వంటింట్లోకి తోస్తే ఆ సముద్రాన్ని కూడా వదిలిపెట్టేది కాదు. బోర్డింగు పిల్లలు మాత్రం ఆమెకు భయపడేవాళ్లు కారు. తిట్టుకుంటూనే రెండో గరిటె కూడా వడ్డిస్తుందని వాళ్లకు తెలుసు.

ఆమె మొగుడు హెబ్రోను చర్చి కావలి మనిషి. గంట కొట్టడం, ఊడ్చడం, లాంతర్ల గాజులు తుడవడం ఆయన పని. గట్టిగా మాట్లాడితే ఎదుటివాళ్లకు ఎక్కడ దెబ్బ తగులుతుందో అన్నట్టు మాట్లాడేవాడు. చర్చి ఆవరణలోనే ఒక మూల వాళ్ల ఇల్లు. పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే రెబెక్కమ్మ చేతిలో ఏముంటే అది విసిరేది. అందుకని ఎవరూ ఎత్తేవాళ్లు కారు, కనీసం ఆమె ఎదట.

సంఘంలో ఆమెకు ఒక గౌరవం ఉండేది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే సంఘమంతా తలా ఒక ముక్క తినే ఆరాధనకు, రొట్టె చేసేది ఆమే. శనివారం సంఘపెద్ద జయకుమార్ గారి ఇంటి నుంచి గోధుమపిండి డబ్బా వచ్చేది. స్నానం చేసి, తల ముడేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా ఆమె ఆ రొట్టె కాల్చేది. నోరు మూసుకొని ఉండేది ఆ కాస్సేపే. ఆదివారం ఆ రొట్టెను తెల్లగుడ్డలో పెట్టుకొని ముందుకు తీసుకుపోతే, పెద్దాయన అందరూ వినేటట్టు అడిగేవాడు, శుద్ధమైన చేతులతో చేసినావా అని. "శుద్ధమైన చేతులతోనే చేసినాను" అని ఆమె జవాబు చెప్పేది. ఆ సంఘంలో తాతలనాటి నుంచి వస్తున్న పద్ధతి అది. ఏ తప్పైనా కడుపులో దాచిపెట్టుకొని, రొట్టె మీద చెయ్యి పెట్టి ఆ మాట అన్న మనిషి బాగుపడదని ఆడవాళ్లందరికీ గట్టి నమ్మకం. ఆ రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్న పూట రెబెక్కమ్మ ఎవర్నీ తిట్టేది కాదు. నెలకు ఒక్క పూట ఆమె మనసు చల్లగా ఉండేది ఆ ముక్క వల్లే.

ఆమె మనసు చల్లబరిచేది రెండోది ఒకటుంది, అది చర్చిలో చెప్పుకునేది కాదు. పాత సినిమాలు. అందులోనూ నవ్వుల సినిమాలు.

అరవై, అరవై ఒకటి ప్రాంతాల మాట ఇది. కోతలైపోయి చేలు ఖాళీ అయ్యాక మునెయ్య అనే ఆయన టూరింగ్ టాకీసు డేరా కోట బయట దిగేది. కొత్త సినిమాలన్నీ నెల్లూరు హాళ్లకు పోతాయి గదా, అక్కడ ఆడి ఆడి, అరిగి, గీతలు పడి, వానలో తడిసినట్టు కనిపించే రీళ్లు మునెయ్య డేరాకు వచ్చేవి. జనం సణుక్కునేవాళ్లు. రెబెక్కమ్మకు అవే ముద్దు. ఒకసారి హెబ్రోను తమ్ముడు గొప్పగా నెల్లూరు తీసుకుపోయి కొత్త సినిమా ఒకటి చూపించాడు. అందులో తల్లి చచ్చిపోయింది, చెల్లెలు చచ్చిపోయింది, ఆఖరికి గేదె కూడా చచ్చిపోయింది. హాలంతా ముక్కులు చీదుతుంటే ఈమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏడ్చేదానికి నెల్లూరు దాకా రావాల్నా? ఇంట్లో కూర్చొని ఎర్రగడ్డలు తరుక్కుంటే చాలదా?" అని బస్సులో అందరూ వినేటట్టు అడిగింది. మరిది మళ్లీ పిలవలేదు.

డేరాకు ఏటా తప్పకుండా వచ్చే పాత సినిమా ఒకటి ఉండేది. దాని అసలు పేరు ఎవరికీ పట్టలేదు, ఆడవాళ్లందరూ అటక సినిమా అనేవాళ్లు. అందులో ఒక అత్తగారు ఉపవాసాల మనిషి. మంచినీళ్లు కూడా ముట్టనని ఊరంతా చాటుకుంటుంది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చప్పుడు కాకుండా అటకెక్కి, కుండలో దాచిన గారెలు మింగుతుంది. అదే అటక మీద పని తప్పించుకున్న అల్లుడు నిద్రపోతుంటాడు. చీకట్లో ఆయన చెయ్యి కుండలో పడుతుంది, ఆమె చెయ్యీ కుండలోనే ఉంటుంది. ఆయనకు దయ్యమనిపిస్తుంది. ఆమెకు కేక పెడదామంటే నోటినిండా గారె! కింద మామగారేమో పక్కింటివాళ్లతో, మా ఇంటిదాని భక్తి చూడండి, చప్పుడు లేకుండా జపం చేసుకుంటోంది అని చెబుతుంటాడు.

ఆ కుండ తెర మీదికి రాకముందే రెబెక్కమ్మకు నవ్వు మొదలయ్యేది. పక్కనున్న వాళ్లు ఇంకా రాలేదుగదమ్మే అంటే, వస్తా ఉండాది గదా అనేది. అదీ పాత సినిమాలో ఉండే సుఖం. ఎప్పుడొస్తుందో తెలిసిన నవ్వు కోసం లోపల చోటు ఖాళీ చేసి పెట్టుకోవచ్చు. వంటింట్లో నెలల తరబడి పేరుకున్న చిరాకంతా అక్కడ కళ్లనీళ్లై కారిపోయేది. ఇంటికి వచ్చి హెబ్రోనుకు మొత్తం ఆడి చూపించేది. ఆయన తలుపు గడియ ఒకసారి చూసుకొని, తర్వాత నవ్వేవాడు.

గడియ ఎందుకంటే, సంఘంలో సినిమా నిషేధం. జయకుమార్ గారు రిటైరైన హెడ్మాస్టరు. సినిమాకు పోవడమంటే సాతాను ఇంట్లో భోజనం చేయడమేనని ఆయన వాదన. చూసి చెప్పాడా అంటే, చూడకుండానే చెప్పాడు. ఆ వాదన రెబెక్కమ్మ చెవికి ఎక్కలేదు. ఒకర్ని ఏడిపించానా, ఒకరిది కాజేశానా, నవ్వుకుంటే పాపమేమిటని ఆమె లెక్క. కాకపోతే మొగుడు సంఘం ఇచ్చిన ఇంట్లో, సంఘం ఇచ్చిన పనిలో ఉన్నాడాయె. ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక గుట్టుగా పోయేది.

గుట్టుగా అంటే ఎట్లాగో చెప్పాలి. క్రైస్తవుల ఆడవాళ్లను గుర్తుపట్టడానికి ఆ రోజుల్లో మొహం చూస్తే చాలు, నొసలు బోసిగా ఉంటుంది. అందుకని డేరాకు పోయే రోజు రెబెక్కమ్మ పక్కవీధిలో పాలు పోసే పెంచలమ్మ ఇంటికి పోయి, కుంకుమ బొట్టు పెట్టించుకొని, కొంగు తలమీదుగా లాక్కొని పోయేది. వచ్చేటప్పుడు కొంగుతో తుడిచేసుకునేది. ఇందులో తమాషా ఏమిటంటే, డేరాలో తడిక కట్టిన ఆడవాళ్ల వైపు ఇసకలో కూర్చొని అటూ ఇటూ చూస్తే, సంఘంలో ఆడవాళ్లు దాదాపు అందరూ అక్కడే ఉండేవాళ్లు. అందరికీ బొట్లే! మగ్దలీనమ్మకు అణా బిళ్లంత. పుష్పకుమారికి నిలువు బొట్టు. ఇక సాక్షాత్తూ జయకుమార్ గారి భార్య ఎలిశబెతమ్మ, పెద్దాయన ప్రార్థనలకని ఊళ్లు తిరిగే రోజుల్లో, నొసట ఇంత కుంకుమతో వచ్చి రెబెక్కమ్మ పక్కనే చతికిలబడేది. ఒకరినొకరు పలకరించకూడదు. అది వాళ్లలో వాళ్లు ఎప్పుడూ అనుకోకుండానే కుదిరిన కట్టుబాటు. ఒకే పొట్లంలో శనక్కాయలు తినేవాళ్లు, ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వేవాళ్లు, తెల్లారి చర్చిలో కనబడితే వందనాలు వదినా అనుకునేవాళ్లు, నిన్ననేది ఒకటి లేనట్టే.

ఆ ఏడు అటక సినిమా శనివారం పడింది. మొదటాటకు పోదామని రెబెక్కమ్మ పెంచలమ్మ గుమ్మం ఎక్కింది.

"కుంకుమ అయిపోయిందక్కా. చాదు పెడతా, గమ్మునుండు" అంది పెంచలమ్మ. సగ్గుబియ్యం మాడ్చి చేసిన నల్లటి చాదు అది, చంటిపిల్లలకు పెట్టేది. జిగురులాగా పట్టుకుంటుంది.

"పోతాదా మే, తుడిస్తే?"

"ఎందుకు పోదు? నీ మొహం మీద కోపం తప్ప అన్నీ పోతాయి."

పోలేదు. వచ్చేటప్పుడు దారిలో కొంగుతో నాలుగుసార్లు రుద్దింది, పోయిందనుకుంది. పొద్దున్నే పొగలో వంట, చెమట, ఆదరాబాదరాగా మొహాన ఇన్ని నీళ్లు, తెల్లచీర. అద్దం చూసుకునే తీరిక ఎవరికుంది? బోర్డింగు పిల్లలు ఏదో గుసగుసలాడుకుంటే, అన్నం మెతుకు అంటుకుందేమోనని బుగ్గ తుడుచుకుంది. చర్చిలో చాప మీద ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. పక్కన ఎలిశబెతమ్మ. ఆమె రెబెక్కమ్మ మొహం చూసింది, చప్పున తల తిప్పుకొని పాటల పుస్తకంలో దూర్చేసింది. ఆ ముందురోజు ఇద్దరూ ఒకే పొట్లంలో చేతులు పెట్టినవాళ్లు! వేలు తడి చేసి తుడిచేస్తే అయిపోయేది. అక్కా నొసట మరకుంది అని చెవిలో ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఆ ముక్క అంటే బొట్టు సంగతి తనదాకా వస్తుందని ఆమె భయం. తర్వాత రోజుల్లో రెబెక్కమ్మ అన్నిటినీ మరిచిపోగలిగింది గాని, ఆ పాటల పుస్తకాన్ని మరిచిపోలేకపోయింది.

ప్రసంగం అయ్యాక జయకుమార్ గారు ప్రకటనలు చదవడానికి లేచాడు. ముందు వరసలో ఉన్న రెబెక్కమ్మను చూసి ఆగాడు.

"రెబెక్కమ్మా, నీ నొసట ఏందది?"

ఆమె చెయ్యి పెట్టి చూసుకుంది. వేలికి నల్లగా అంటింది.

"బొట్టు! ఏ గుడికి పోయినావమ్మా? ఎవరికి మొక్కుకొని వచ్చినావు?"

తలుపు దగ్గర హెబ్రోను గంట తాడు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. నిజానికి ఆ క్షణంలో ఆమె ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదేనేమో. పొయ్యి మసి అనొచ్చు, ఎవరు కాదంటారు? కానీ వెనక నుంచి ఒక ముసలమ్మ గొంతు జాలిగా వినబడింది. "పాపం, కడుపు పండలేదు గదా. ఆ దిగులుతో ఏ దేవతకో మొక్కుకోనుంటది."

అంతే. రెబెక్కమ్మ ఎగిరి లేచింది.

"ఎవుర్నే పాపమనేది? మొక్కులేదు, మన్నూ లేదు! సినిమాకు పోయినాను! డేరాలో అటక సినిమాకు పోయినాను, కడుపుబ్బ నవ్వినాను, ఇంటికొచ్చినాను. ఆ బొట్టు డేరా కోసం పెట్టుకున్నది. చాలునా?"

జయకుమార్ గారు కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. "ఎవురితో పోయినావు?"

రెబెక్కమ్మ వెనక్కి తిరిగి ఆడవాళ్ల వైపు చూసింది. మగ్దలీనమ్మ పైట సర్దుకుంటోంది. పుష్పకుమారి చంటిబిడ్డను నిద్రపోతున్నా జోకొడుతోంది. ఎలిశబెతమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు తెరిస్తే చాలు, అందరూ వరసగా లేచి నిలబడాల్సిందే. నాలిక చివరి దాకా వచ్చింది. వీళ్ల పేర్లు చెప్పి నా నోరెందుకు పాడుచేసుకోవాలి అనిపించింది. అది దయ కాదు, చీదర.

"నా కాళ్లతో పోయినాను" అంది.

సంఘం కూర్చొని తేల్చింది. బొట్టు పెట్టుకోవడం ఒక తప్పు, సినిమా ఒక తప్పు. అందరి ముందూ నిలబడి, పాపం చేశాను క్షమించండి అనేదాకా రెబెక్కమ్మకు ప్రభువు బల్ల లేదు. పాస్టరుగారు మంచివాడే గాని పెద్దాయన మాటకు ఎదురుచెప్పే రకం కాదు.

ఇంటికి వచ్చాక హెబ్రోను మెల్లగా అన్నాడు. "ఒక్క మాట అనేయరాదా, రెబెక్కా. అంటే ఏం పోయె?"

"ఏమని అనాల? దేవుడా, నవ్వినాను, తప్పైపోయింది, ఇంక జన్మలో నవ్వను అనా? నేను దొంగతనం చేసుంటే నలుగురి కాళ్ల మీద పడి ఒప్పుకొనేదాన్నయ్యా. చెయ్యని పాపం ఒప్పుకోవడం అబద్ధం కాదా? అబద్ధమాడి ఆ రొట్టె తినాల్నా?"

ఆయన లాంతరు గాజు ముందేసుకొని తుడవడం మొదలుపెట్టాడు.

అసలు సంగతి విను. బల్ల ముందటి శనివారం వచ్చింది. జయకుమార్ గారి ఇంటి నుంచి పిండి డబ్బా, ఎప్పటిలాగే, వచ్చేసింది! బల్ల లేదన్నారా? అన్నారు. మరి రొట్టె? అది మాత్రం నువ్వే చెయ్యాలి! రెబెక్కమ్మ డబ్బా చంకన పెట్టుకొని నేరుగా పెద్దాయన అరుగు మీదికి పోయింది.

"ఏందండీ ఇది?"

"శిక్ష నీ నోటికమ్మా. చేతి సేవ చేతి సేవే. ఏండ్ల తరబడి నువ్వే చేస్తా ఉండావు, ఇంకెవురికి చేతనవును?"

"అంటే నా చెయ్యి కావాల, నా నోరు మాత్రం పనికిరాదు!"

ఆయన లేఖనాల నుంచి ఏదో వివరించాడు. ఆమె వినలేదు. అయినా ఆ నెలకు చేసింది. పిండి పిసుకుతుంటే పళ్లెం పీట మీద నుంచి రెండుసార్లు జారింది, అంత కోపంగా పిసికింది. హెబ్రోను మొహం చూసి చేసింది, ఎంత చెడ్డా దేవుడి రొట్టె గదా అని చేసింది. ఆదివారం ముందుకు తీసుకుపోయింది. శుద్ధమైన చేతులతో చేసినావా అని ఆయన అడిగాడు. చేసినాను అని చర్చి అదిరేటట్టు చెప్పింది. ఆయన రొట్టె అందుకున్నాడు!

తర్వాత పళ్లెం వరసల్లోకి వచ్చింది. రెబెక్కమ్మ దాకా వచ్చి, ఆమె తల మీదుగా ఎలిశబెతమ్మకు పోయింది. తన చేత్తో కాల్చిన రొట్టె. ఎంత సేపు కాలిందో, ఎక్కడ కాస్త మాడిందో తనకు తెలిసిన రొట్టె. పక్కనున్న ఎలిశబెతమ్మ నమలడం చప్పుడు వినిపిస్తోంది. రెబెక్కమ్మకు కళ్లలో నీళ్లు వచ్చాయి. వచ్చినందుకు మరింత కోపం వచ్చింది. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేకపోయింది. బోర్డింగు పిల్లలు అక్కా కూర బాగుందక్కా అన్నా పలకలేదు. ఆ ముక్క లేకపోతే తాను ఈ చర్చిలో ఎవరు? గంట కొట్టే ఆయన పెళ్లాం, అంతే.

మళ్లీ నెల తిరిగింది. శనివారం పొద్దున్నే పిండి డబ్బా వచ్చింది. రెబెక్కమ్మ మూత కూడా తియ్యకుండా మొగుడి చేతిలో పెట్టింది.

"ఇచ్చేసి రా. పాపం చేసిన చేతులతో చెయ్యదంట అని చెప్పు. చేతులు శుద్ధంగా ఉండేవాళ్లు ఊళ్లో చానామంది ఉండారు గదా, వాళ్లని అడగమను."

ఆ తర్వాత జరిగినదంతా ఆమెకు పెంచలమ్మ వచ్చి చెప్పింది. పాలు పోసే మనిషికి తెలియని ఇల్లు ఉంటుందా? నవ్వలేక చస్తూ చెప్పింది.

"అక్కా, మీ పెద్దాయన డబ్బా పట్టుకొని ఇల్లిల్లూ తిరగతా ఉండాడు! మగ్దలీనమ్మ ఆయన్ని వీధిలో చూసిందో లేదో, లోపలికి పోయి గొంగడి కప్పుకొని పడుకునింది. ఈ ఎండల్లో గొంగడేందక్కా! చలిజరమంట. పుష్పకుమారేమో మూట కట్టుకొని వెంకటాచలం పోతా ఉండా, మా అమ్మకు బాగలేదు అనింది. బస్సు దాకా పోయింది, ఆయన అటు పోంగానే ఇటు తిరిగొచ్చి పాలు పోయించుకునింది. ఇంకొకామె చుట్టాలొచ్చినారంది. ఒక్క చుట్టం కనబడితే ఒట్టు!"

"ఎలిశబెతమ్మో?"

పెంచలమ్మ నవ్వు ఆపింది. "ఆమే మొదట కాదనిందంట. వాళ్లింట్లో మనిషే చెయ్యనంటేనే గదా ఆయన వీధిన పడిందీ?"

రెబెక్కమ్మ గరిటె పక్కన పెట్టింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. వీళ్లందరికీ రొట్టె కాల్చడం రాక కాదు, ఇంట్లో రోజూ కాలుస్తూనే ఉంటారు. రేపు అందరి ముందు రొట్టె మీద చెయ్యి పెట్టి శుద్ధమైన చేతులు అనాలి గదా, అదీ భయం. సినిమా పాపమని వాళ్లు నిజంగా నమ్ముతారు. నమ్మీ పోయారు. ఆమె నమ్మలేదు కాబట్టి ఇన్నేళ్లూ డేరా నుంచి వచ్చి కూడా గుండె తొణకకుండా ఆ మాట చెప్పగలిగింది. ఆమె నోరు విప్పలేదు, వేలెత్తి ఒకరిని చూపలేదు. పిండి డబ్బా ఏ గుమ్మం ముందు ఆగితే ఆ గుమ్మం తనంతట తానే ఒప్పేసుకుంటోంది.

సంతోషించాల్సింది. ఇంకా మండిపోయింది. "ఇంత భయముండేవాళ్లు, ఆ రోజు నేనొక్కదాన్నే నిలబడి తిట్లు తింటా ఉంటే ఎట్ట కూర్చోనుండారే!" అని పెంచలమ్మ మీద అరిచింది. పెంచలమ్మ పాలచెంబు తీసుకొని జారుకుంది.

పొద్దు వాలుతుండగా జయకుమార్ గారు బోర్డింగు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో డబ్బా. చెప్పుల నిండా దుమ్ము. మనిషి ఒక్క రోజులో నలిగిపోయాడు.

"కూర్చోండి" అంది రెబెక్కమ్మ, పీట కాలితో తోసి.

ఆయన కూర్చోలేదు. "మా ఇంట్లో ఆమె చెయ్యి కాలిందంటది. యాడ కాలిందో చూపించమంటే ఏడస్తది." గొంతు తగ్గించాడు. "రెబెక్కమ్మా, ఆ డేరాలో... మా ఎలిశబెతు కూడా ఉన్నిందా?"

చెప్పొచ్చు. కుంకుమ ఎంత పెట్టిందో కూడా చెప్పొచ్చు.

"అది నన్నడగబాకండి. మీ ఇంట్లోనే ఉండాదిగదా మనిషి, ఆమెనే అడగండి."

ఆయన డబ్బా మూత వేలితో గీకుతూ నిలబడ్డాడు. ఇన్నేళ్లు బళ్లో పిల్లల్ని గోడకుర్చీ వేయించిన మనిషి అట్లా నిలబడితే చూడడానికి ఆమెకు బాధే వేసింది. బాధ వేసిందని మళ్లీ కోపం. గబగబా అనేసింది.

"రొట్టె చేస్తాను. ఎప్పుడూ చెప్పే మాటే రేపూ చెప్తాను. ఆ మాట నిజమని మీరు నమ్మితే పళ్లెం నా ముందర ఆపండి. నమ్మకపోతే ఆ పిండి తీసుకోని పోండి, చపాతీలు చేసుకోండి. నేను పాపం చేసినానని మాత్రం ఈ జన్మలో అనను. నా చెయ్యి ఒక మనిషిది, నోరు ఇంకొక మనిషిది కాదు."

డబ్బా గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆపుతాడో ఆపడో ఆమెకు తెలియదు. అయినా స్నానం చేసి, తల ముడేసుకొని పిండి కలిపింది.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. చలిజరం మగ్దలీనమ్మ వచ్చింది, వెంకటాచలం పోయిన పుష్పకుమారి వచ్చింది. ఎలిశబెతమ్మ కళ్లు వాచి ఉన్నాయి. ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ అడగనక్కర్లేదు. రెబెక్కమ్మ తెల్లగుడ్డలో రొట్టె పట్టుకొని ముందుకు నడిచింది.

"శుద్ధమైన చేతులతో చేసినావా?" పెద్దాయన అడిగాడు.

"శుద్ధమైన చేతులతోనే చేసినాను."

పాస్టరుగారు ప్రార్థన చేసి రొట్టె విరిచాడు. జయకుమార్ గారు పళ్లెం పట్టుకొని ఆడవాళ్ల వైపు వచ్చాడు. ముందు వరసలో మొదటి మనిషి రెబెక్కమ్మ. ఆయన ఆమె ముందు ఆగాడు. ఆగి, పళ్లెం కిందికి వంచాడు. తలుపు దగ్గర హెబ్రోను రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

రెబెక్కమ్మ ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. చల్లబడాల్సిన మనసు చల్లబడలేదు. ఈ ఒక్క ముక్క కోసం ఇంత చేశారుగదరా అనుకుంది. ఎట్లాగో మింగింది.

పళ్లెం ఎలిశబెతమ్మ ముందుకు పోయింది. ఎలిశబెతమ్మ చెయ్యి లేవలేదు. తల వంచుకొని, పైటకొంగు నోట్లో కుక్కుకొని, వద్దన్నట్టు తల ఊపింది. పెద్దాయన భార్యను చూశాడు. ఒక అడుగు పక్కకు వేశాడు. మగ్దలీనమ్మ కూడా తీసుకోలేదు. పుష్పకుమారి బిడ్డను ఎదకు అదుముకొని కళ్లు మూసుకుంది. ఆ పక్కామె, ఆ వెనకామె, ఆ వరస, ఆ తర్వాతి వరస. డేరా సంగతి కడుపులో దాచుకొని ఆ ముక్క ఎట్లా ముట్టుకోవడమని, పళ్లెం పోయిన చోటల్లా తలలు వంగుతున్నాయి గాని చేతులు లేవడం లేదు. పోయిన పళ్లెం పోయినట్టే నిండుగా తిరిగి వస్తోంది. ఆడవాళ్ల వైపు మొత్తంలో తిన్నది ఒక్క రెబెక్కమ్మే.

ఆమె తిరిగి చూసింది. ఇన్నాళ్లూ వీళ్ల తలలు ఇట్లా వంగితే చూడాలని ఎంత కుతకుతలాడిపోయిందో దేవుడికే తెలుసు. ఇప్పుడు ఎదురుగా వంగి ఉంటే, నిండు పళ్లెం అట్లా వెనక్కి వస్తుంటే, వంటమనిషి చూడలేకపోయింది. పాస్టరుగారు కళ్లు మూసుకొని ఉన్నాడనీ, అది చర్చి అనీ, మాట్లాడకూడని సమయమనీ ఏదీ ఆమెకు గుర్తులేదు. పెద్దాయన చేతిలోంచి పళ్లెం లాక్కొని, ఎలిశబెతమ్మ ఒళ్లో ఠక్కున పెట్టింది.

"తినండే! నా ఒక్కదాని కోసం చేసినానా ఇంత రొట్టె? తినండి, అందరూ తినండి!"